బొగ్గుట్ట తాత

పంజగుట్టనుండి అమీరుపేటకు నడచువారికి నేడు గుట్ట యెచ్చట నున్నదో తెలియదు. మేడలును, దుకాణములును, తలలపైన వెలసిన మెట్రోరైలు దారియు దానిని మరుగుపరచినవి. గుట్ట పేరులో మాత్రము మిగిలినది. అమీరుపేటలోని మా యింట మరియొక గుట్టపేరు వారమున కొక్కసారియైన వినబడుచుండును. అది బొగ్గుట్ట. ఖమ్మము ప్రాంతపువారు ఇల్లందు పట్టణమునకు వాడుకగా పెట్టుకొన్న పేరది. మా అత్తగారి పుట్టినిల్లు ఆ చేరువ పల్లెలో నున్నది. ఎనుబదియైదేండ్ల యీ వయస్సున ఆమె నిన్నటి మాట మరచుచున్నది గాని, తన ముత్తాతను గూర్చి నాయనమ్మ చెప్పిన మాట యొక్కటియు మరువలేదు. ఆ ముత్తాతను మేమందరమును ‘బొగ్గుట్ట తాత’ యని చెప్పుకొందుము.

భూమిలో దాగిన ఖనిజమును వెదకి కనిపెట్టువానిని ఇంగ్లీషువారు ప్రాస్పెక్టరందురు. అతడు తాను కనుగొన్న చోట గుర్తులు పాతి, ‘ఇచ్చట త్రవ్వుకొను హక్కు నాది’ యని సర్కారునకు తెలుపుకొనిన యెడల దానిని క్లెయిమందురు. మనము గనిహక్కు అనవచ్చును. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ఇట్టి వృద్ధుల కథలు ఎన్నియో కుటుంబములలో తరతరములుగా నిలిచియున్నవి. మన తెలుగునాట అట్టివారు లేకపోలేదు. అయితే మనవారికి గుర్తురాయి యుండెను గాని కాగితము లేకుండెను.

ఇక మా అత్తగారు చెప్పు కథ వినుడు.

శ్రీరామనవమికి భద్రాచలము పోవు యాత్రికులను తాత తన యెడ్లబండిమీద కొనిపోవుచుండెడివాడట. భార్యయు వెంట నుండి వారికి వండిపెట్టెడిది. ఒక యేడు ఇల్లందు చెంత వాగుగట్టున బండి విప్పిరి. పొయ్యికి రాళ్ళు కావలసివచ్చెను. వాగులో నల్లని రాళ్ళు మూడు దొరికినవి. వానిని నిలిపి, పుల్లలు రాజవేసి, అన్నపుకుండ నెక్కించిరి. ఎసరు మరగి బియ్యము పోసిన కొంతసేపటికి కుండ యొక ప్రక్కకు ఒరిగెను. ఏమని చూతురు గదా, పొయ్యిరాయియే నిప్పై మండుచుండెను.

“కట్టెలు ఆరిపోయినయి గాని రాయి ఆరలేదమ్మా!” అని మా అత్తగారు ఈ ఘట్టమునకు వచ్చునప్పటికి, ఆ సెగ తనకే తగిలినట్లు చేయి వెనుకకు తీసికొనును.

యాత్రికులు అది దయ్యపు చోటని భయపడి బండి కట్టుమనిరట. తాత భయపడలేదు. తిరుగుప్రయాణమున అచ్చటనే యాగి, ఆ నల్లరాళ్ళను గోనెలో నింపి యింటికి తెచ్చెను. ఊరి కమ్మరి వానిని కొలిమిలో వేసి చూచి, ఇనుము ఇంత త్వరగా నెన్నడును ఎఱ్ఱవారలేదనెను. పిమ్మట తాత పనిపాటలు మాని వాగువెంట తిరుగుచు, గట్టు తెగినచోట నల్లని చార యొకటి పొరవలె సాగుట కనిపెట్టి, అచ్చట తెల్లరాయి నొకదానిని పాతివచ్చెను. కొంతకాలమునకు డేరాలతోను సుత్తెలతోను దొర యొకడు ఆ వైపు వచ్చెను. తాత అతనిని వాగునకు కొనిపోయి చార చూపెను. దొర సంతసించి తలపాగా గుడ్డయు, కొన్ని రూపాయలును ఇచ్చెను. తాత కన్నుమూయువరకును ఆ తెల్లరాయి పాతిన యొడ్డు తనదేయని నమ్మియుండెను. “ఆ ఒడ్డు మనది” అనుటయే ఆయన కడపటి మాటయని మా యింట చెప్పుకొందురు.

ఈ కథకు వ్రాతమూల మేదియు లేదు. భద్రాచలయాత్రికులు వంట చేసికొనుచుండగా పొయ్యిరాళ్ళు మండెననుట ఇల్లందు ప్రాంతమున అందరు నెరిగిన ప్రతీతి. అది మా యింటి సొత్తు మాత్రమే కాదు. అట్టి ప్రతీతిలో మా తాత చేరెనో, మా తాతనుండియే ప్రతీతి పుట్టెనో నిర్ణయించుటకు సాక్ష్యము లేదు. కాగితములలో నున్నది మరియొక పేరు.

1871వ సంవత్సరమున ఇల్లందు సమీపమున బొగ్గున్నదని కనుగొన్నవాడు భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు. ఈయన ఐర్లండు దేశమునుండి వచ్చినవాడు. ఈయన తండ్రి పేరును విలియం కింగే. ఆ తండ్రి గాల్వే కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యుడు. జర్మనీలో దొరికిన ప్రాచీన మానవాస్థులను పరీక్షించి, అవి మనకంటె వేరైన మానవజాతికి చెందినవని చెప్పి, 1864లో దానికి నియాండర్తల్ అను పేర శాస్త్రీయనామము పెట్టిన పండితుడు. కొడుకు మన దేశమునకు వచ్చి, కొండలలోను అడవులలోను తిరిగి, 1887 మొదలు 1894 వరకు ఆ శాఖకంతటికి అధిపతిగా నుండెను. ఇల్లందులోని మేలైన బొగ్గుపొరకు నేటికిని ‘కింగు పొర’ యనియే పేరు.

కింగు పండితుని ఘనతను తగ్గించుట నా యుద్దేశము కాదు. మండు రాయి నొకటి చూచుట వేరు. అది యెంత దూరము వ్యాపించినదో, ఎంత లోతున నున్నదో, ఎంత మందము గలదో లెక్కించి చెప్పుట వేరు. గోదావరీ పరీవాహమున బొగ్గుపొరలు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వపు అడవులు బురదలో కూరుకొని, పైన పడిన ఇసుకమేటల బరువునకు నలిగి, గట్టిపడగా నేర్పడినవి. ఆ పొరల వాలు నెరిగి పటము గీయుట కింగు వంటి శాస్త్రజ్ఞులకే చెల్లినది. అయినను ఎట్టి శాస్త్రజ్ఞుడైనను క్రొత్త ప్రదేశమునకు వచ్చినప్పుడు మొదట అడుగునది ఊరివారినే: ‘ఇచ్చట వింతరాళ్ళు దొరకు వాగేది?’ అని. చెప్పినవాని పేరు పటముమీద నెక్కుట అరుదు.

బొగ్గు కనబడినది గదా, మరి త్రవ్వుకొను హక్కెవరికి దక్కినది? తాతకు దక్కలేదు, కింగునకును దక్కలేదు. కింగు జీతముగొను ఉద్యోగి. 1886లో హైదరాబాదు రాజ్యమునందలి గనులపై హక్కును ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను ప్రభుత్వమునుండి ఇంగ్లండు వర్తకులు సంపాదించిరి. లండనులో హైదరాబాదు దక్కను కంపెనీ యను పేర ఒక సంఘ మేర్పడెను. ఆ కంపెనీ వాటాలలో అత్యధికభాగము హక్కు సంపాదించినవారి చేతిలోనే యుండుటయు, వాటాల క్రయవిక్రయములును పెద్ద అలజడికి కారణమయ్యెను. 1888లో బ్రిటిషు పార్లమెంటు సంఘ మొకటి ఈ వ్యవహారమును విచారించెను. నిజాము కొలువున ఉన్నతోద్యోగియైన సర్దారు అబ్దుల్ హక్ తన పదవిని కోల్పోయెను. వాగుగట్టున మండిన పొయ్యిరాయి లండను పార్లమెంటు బల్లమీదికి ఎక్కెనన్నమాట!

కారేపల్లి ప్రక్కనున్న సింగరేణి గ్రామము పేర ఆ బొగ్గునకు ప్రసిద్ధి వచ్చెను. డోర్నకల్లునుండి అచ్చటికి రైలుదారి సాగెను. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడి పాత కంపెనీ ఆస్తుల నన్నిటిని గ్రహించెను. 1945లో హైదరాబాదు రాజ్యమే వాటాలలో అధికభాగమును కొనెను. 1956లో అది ఆంధ్రప్రదేశమునకు సంక్రమించెను. నేడు అందు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు గలవు. మన యిండ్లలో వెలుగు విద్యుద్దీపములలో ఆ బొగ్గు పాలు నేటికిని కలదు.

కనుగొన్నవాడొకడు, హక్కుదారు మరియొకడు అగుట బొగ్గుతో మొదలైనది కాదు. వజ్రములకు లోకప్రసిద్ధి గాంచిన కృష్ణాతీరపు కొల్లూరు గని వృత్తాంతమును ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథమున వ్రాసెను. అది 1676లో అచ్చయ్యెను. తన కాలమునకు సుమారు నూరేండ్ల క్రిందట ఒక పేదవాడు చిరుధాన్యము విత్తుటకై నేల త్రవ్వుచుండగా దాదాపు 25 కారట్ల రాయి దొరికెననియు, దానినుండియే ఆ గని బయలుపడెననియు ఆతడు చెప్పినాడు. ఆ పేదవాని పేరు చెప్పలేదు. తాను చూచునాటికి అచ్చట అరువదివేల మంది పని చేయుచుండిరనియు, పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును ఆ మట్టిని మోయుచుండిరనియు వ్రాసెను. కూలివానికి పెద్దరాయి దొరికినచో దానిని గని యజమాని కియ్యవలెను. ప్రతిఫలముగా వానికి దక్కునది తలపాగా గుడ్డయు, స్వల్పమైన ధనమును. నేడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయపు ముంపులో కలిసినది.

ఇచ్చటను తలపాగాయే! మా తాత కథలోని తలపాగా నిజముగా దొర యిచ్చినదో, లేక కనుగొన్నవానికి తలపాగా చుట్టి పంపుట మన దేశపు కథలకు అలవాటైపోయినదో చెప్పుట కష్టము. ఏది నిజమైనను అర్థ మొక్కటియే: మన్నన వానికి, గని మరియొకరికి.

కాగితము చేతనున్నవానికైనను అన్నివేళల గని దక్కునని చెప్పరాదు. మైసూరు రాజ్యమున తెలుగువారు విస్తారముగా నివసించు కోలారు ప్రాంతమును చూడుడు. మైకేల్ లావెల్ అను నొక ఐరిషు సైనికుడు ఉద్యోగము చాలించి బెంగుళూరున స్థిరపడెను. కోలారు మన్నులో బంగారమున్నదని పూర్వము లెఫ్టినెంటు వారెన్ వ్రాసిన వ్యాసమును చదివి, 1871లో ఎడ్లబండిమీద అచ్చటికి పయనమయ్యెను. 1873లో అనుమతి కోరి, 1875లో హక్కుపత్రము పొందెను. కాని లోతుగా త్రవ్వుటకు ధనము చాలదయ్యెను. 1877లో తన హక్కును ఇతరులకు వదలుకొనెను. తరువాత జాన్ టైలర్ కంపెనీవారి చేతిలో ఆ గని ప్రపంచమునందలి లోతైన బంగారు గనులలో నొకటియై, 2001 ఫిబ్రవరి 28వ తేదీవరకు నడచెను. అయినను బెంగుళూరులో లావెల్ పేర ఒక వీధి నిలిచినది. కాగితముండుటచే పేరు నిలిచినది.

నేటి చట్టము కనుగొన్నవాని కేమి యిచ్చుచున్నది? 1957 నాటి గనుల చట్టము ప్రకారము ఖనిజమును అన్వేషించుటకైనను, త్రవ్వుటకైనను ప్రభుత్వపు అనుమతి కావలెను. తన పొలమే యైనను రైతు ఇష్టము వచ్చినట్లు గని త్రవ్వరాదు. నేలక్రింది సొత్తు సామాన్యముగా నేలగలవానిదేయని, వేరు శాసనము దానిని తొలగింపనంతవరకు అట్లే యెంచవలెనని 2013లో సుప్రీముకోర్టు ఒక తీర్పున చెప్పెను. అయినను త్రవ్వుటకు అనుమతి తప్పదు. ఇక మొదట చూచినాడన్నంత మాత్రమున ఎవ్వరికిని గని దక్కదు. అన్వేషణ నేడు చాలవరకు ప్రభుత్వశాఖల పని. అమీరుపేటకు పొరుగున బేగంపేటలో 1974 మొదలు అణుఖనిజ అన్వేషణశాఖకు ప్రధాన కార్యాలయమున్నది. యురేనియము మొదలగువానిని వెదకు శాస్త్రజ్ఞులు అచ్చటినుండియే దేశమంతటికి పోవుచుందురు. వారు నెలలకొలది కొండకోనలలో డేరాలలో గడపుచుండగా, ఇల్లు నడపుకొనుచు, పిల్లలను బడికి పంపుకొనుచు నుండునది వారి యింటివారే. ఖనిజ మొకటి బయలుపడెనన్న వార్త వెనుక అట్టి గృహము లెన్నియో యుండును.

ఈ మాట చెప్పుటకు కారణమున్నది. మొన్న మా అమ్మాయి, పదునాలుగేండ్లది, ఈ కథను నూరవమారు విని నాయనమ్మ నొక ప్రశ్న యడిగినది. “నాయనమ్మా, వంట చేస్తున్నది అవ్వ కదా? మరి రాయి మండుడు ముందు చూసింది తాత ఎట్లయితడు?”

మా అత్తగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఔనే. తాత బండి దగ్గర ఎడ్లకు గడ్డి వేస్తుండెనట. కుండ ఒరిగిందని కేక వేసింది అవ్వనే” అనినది. ఆ మాట ఆమె నాయనమ్మ చెప్పిన కథలో మొదటినుండియు నున్నదట. ఎవ్వరును దానిని లక్ష్యపెట్టలేదు.

“అవ్వ పేరేమిటి?” యని అమ్మాయి అడిగెను. అత్తగారికి తెలియదు. ఆ నాయనమ్మ ఆ యవ్వకు కోడలు. కోడలు అత్తపేరు నోట ననకూడదని అప్పటి యాచారము. ‘అత్త’ యనియో, ‘ముసలమ్మ’ యనియో చెప్పుకొని పోయినది. ఆ విధముగ నాలుగు తరములలో పేరు జారిపోయినది. కింగు పండితుని పేరు పొరకు నిలిచినది. కంపెనీ పేరు కాగితములలో నిలిచినది. తాతకు పేరు లేకున్నను, ‘బొగ్గుట్ట తాత’ యను బిరుదమైన నిలిచినది. పొయ్యిముందు కూర్చుండి, రాయి మండుటను మొట్టమొదట కన్నులార చూచిన యామెకు కథలో చోటును లేదు, పేరును లేదు.

సోదరీమణులారా, ఆలోచింపుడు. ఆ ప్రతీతి నిజమైన యెడల, అది మా యింటిదైనను, మరియొకరి యింటిదైనను, పొయ్యిరాయి మండుటను మొదట చూడదగినవా రెవరు? వంట చేయువారే గదా! ఆ కాలమున ఎడ్లబండి యాత్రలలో వంట చేయునది సామాన్యముగా స్త్రీయే. అట్లయిన సింగరేణి బొగ్గును మొదట చూచినది ఒక స్త్రీ యనుట న్యాయమైన ఊహ. కాని చెప్పుకొను కథలన్నిటిలోను ‘యాత్రికులు’ అనియో, ‘ఒక పెద్దమనిషి’ యనియో యుండును. కొల్లూరు మట్టిని మోసిన స్త్రీలవలెనే ఆమెయు గుంపులో కలిసిపోయినది.

ఆ పిమ్మటి చరిత్రయు నట్టిదియే. మన దేశపు బొగ్గుగనులలో పూర్వము స్త్రీలు గంపలతో బొగ్గు మోసినవారే. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూమిలోపలి గనులలో పని చేయరాదని నిషేధించెను. వారి క్షేమముకొరకే యని చెప్పిరి. క్షేమము కొంత కలిగినమాట నిజమే. కాని చదువుకొన్న స్త్రీకిని ఆ ద్వారము మూతపడెను. 2019లో ప్రభుత్వము నిబంధనలతో ఆ నిషేధమును సడలించి, సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగములలో స్త్రీలు పగటివేళ గనిలోనికి దిగవచ్చుననెను. పొయ్యివద్ద బొగ్గును కనుగొన్నదానికి, గనిలోనికి అధికారిణిగా దిగుటకు ఇన్నేండ్లు పట్టినది.

మా తాతగారి యొడ్డు మాకు రావలెనని మే మెన్నడును కోరలేదు. ఆ తెల్లరాయి యిప్పు డెచ్చట నున్నదో ఎవ్వరికిని తెలియదు. నేలమీది హక్కు పోయినందులకు మాకు చింతయు లేదు. పేరు పోయినందులకు మాత్రము చింత కలుగుచున్నది. నేలకు పట్టా వ్రాయించుకొనుట యెట్లో మనవా రెరుగుదురు. జ్ఞాపకమునకు పట్టా వ్రాయించుకొనుట మాత్రము నేర్వలేదు.

కావున ఈ పత్రికను చదువు గృహిణులకు నా విన్నప మొక్కటి. మీ యింట వృద్ధులున్నచో, వారు చెప్పు కథలను పిల్లల నిద్రకొరకు మాత్రమే యుంచకుడు. ఒక నోటుపుస్తకము తీసికొని, ఆ కథ ఎవరినిగూర్చినదో, ఏ యూర, ఏ వాగుగట్టున జరిగినదో, మీకు చెప్పినవారెవరో, వారికెవరు చెప్పిరో వ్రాయుడు. విన్నమాట విన్నమాటగానే వ్రాయుడు. ఊహను నిజముగా వ్రాయకుడు. పాత పట్టాలు, రసీదులు, ఉత్తరములు పెట్టె యడుగున చెదలు తినుచుండినయెడల బయటికి తీసి, ఆరబెట్టి, తేదీలవారీగా కట్టలు కట్టి యుంచుడు. అన్నిటికంటె ముఖ్యముగా, కథలో ‘ఆయన భార్య’, ‘ముసలమ్మ’, ‘వంట చేయుచున్నామె’ యని వచ్చినచోట ఆగి, ఆమె పేరేమియని అడుగుడు. చెప్పగలవారు బ్రదికియుండగానే అడుగుడు.

మా అమ్మాయి అట్టి పుస్తక మొకటి మొదలుపెట్టినది. మొదటి పుటలో అవ్వ పేరు వ్రాయవలసినచోట ఖాళీ విడిచినది. ఊరిలో మా అత్తగారి దూరపు బంధువులలో తొంబదియేండ్లది యొకామె యున్నది. పండుగకు పోయి ఆమె నడుగవలెనని నిశ్చయించుకొన్నాము.